పుట్టుకను బట్టి వరుస

నాతో డిగ్రీ చదివిన మిత్రుడొకడు ఈమధ్య అమెరికా నుంచి ఫోన్ చేశాడు. అతనిది భీమవరం దగ్గరి పల్లె. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో అక్కడ కుదురుకుని పదమూడేళ్లయింది. నాలుగేళ్ల వయసులో వెళ్లిన అతని కూతురు ఇప్పుడు కాలేజీలకు దరఖాస్తులు పెడుతోంది. ప్రతి దరఖాస్తులోనూ ఒక ప్రశ్న ఎదురవుతోందట: పౌరులా, శాశ్వత నివాసులా, విదేశీయులా అని. ఆ పిల్ల ఎరిగిన బడి, స్నేహితులు, వీధులు అన్నీ ఆ దేశానివే. అయినా విదేశీయురాలిగానే నమోదు చేసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ విద్యాసాయానికి అర్హత లేదు. ఇరవై ఒకటి నిండితే తండ్రి వీసా మీద ఆధారపడి ఉండే హక్కు కూడా పోతుంది.

తండ్రి గ్రీన్‌కార్డు దరఖాస్తు వరుసలో ఉంది. ఆ దేశం ఉద్యోగుల కోటాలో ఏటా ఇచ్చే శాశ్వత నివాస అనుమతులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది సాధారణ నియమం. దానితో భారతదేశంలో పుట్టినవారి వరుస దశాబ్దాల పొడవుకు పెరిగింది. పక్క బల్ల దగ్గర అదే పనిచేసే, మరో దేశంలో పుట్టిన ఉద్యోగికి ఎప్పుడో కార్డు వచ్చేసిందట. పుట్టిన చోటును బట్టి మనిషి వరుసను నిర్ణయించడం ఏమి న్యాయమని నా మిత్రుడు ఆవేదనతో అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ మాట వినగానే తొంభయ్యో దశకం నాటి మా హాస్టల్ గది నాకు గుర్తుకొచ్చింది. రిజర్వేషన్ల మీద రాత్రి పొద్దుపోయేదాకా వాదనలు జరిగేవి. పుట్టుకను లెక్కలోకి తీసుకోవడమే తప్పని, ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలని అందరికంటే గట్టిగా వాదించినవాడు ఇతనే. నేను పేట నుంచి వచ్చినవాణ్ణి. పుట్టుకను మేము లెక్కలోకి తేలేదని, మేము పుట్టకముందే ఊరు ఆ లెక్క వేసి పెట్టిందని నేను చెబితే అప్పట్లో అతనికి ఎక్కలేదు. ఇప్పుడతనికి సమాధానంగా నాకు తోచింది వాదన కాదు, అతని ఊరికి కూతవేటు దూరంలో పుట్టిన ఒక మనిషి జీవితం.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే వదులుకోవలసి వచ్చింది. ఏడుగురు పిల్లల ఇల్లు. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి పారిపోయి, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలనుకున్నారు. తల్లి వెంకమ్మ పట్టి తెప్పించి రాజమండ్రిలో చదువుకు పెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు.

ఈ మూడోసారి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన పాఠ్యపుస్తకాలు దీన్ని పట్టుదలకు ఉదాహరణగా చెబుతాయి. పట్టుదల నిజమే. కాని రెండుసార్లు తప్పిన పిల్లవాడికి మూడో అవకాశం ఇవ్వగల ఇల్లు ఎవరికి ఉంటుంది? ఆ ఇంట డబ్బుకు కరువున్నా, చదువు తమ హక్కేనన్న నమ్మకానికి కరువు లేదు. అదే కాలంలో అదే డెల్టాలో పేటలో పుట్టిన పిల్లవాడికి మొదటి అవకాశమే దుర్లభం. బడిలో కూర్చోనిస్తే అదే పదివేలు. ఒక్కసారి తప్పితే మర్నాడు పాలేరుతనానికి పోవలసిందే. పరీక్ష తప్పిన సుబ్బారావులో తరువాత ప్రపంచం చూసిన ప్రతిభ అప్పటికే ఉంది. మార్కుల పట్టీ దాన్ని చూడలేకపోయింది. ఈ సంగతి ఒప్పుకున్నవారు, మరెందరి ప్రతిభను మార్కుల పట్టీ చూడలేకపోయిందో కూడా ఆలోచించాలి.

మద్రాసు వైద్య కళాశాలలో ఆయన గాంధీ పిలుపు విని ఖద్దరు తొడిగారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన తెల్లదొరకు అది గిట్టలేదు. ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. తెల్లదొరతనం మీద తిరగబడిన యువకుడికి అది దొరతనం వేసిన శిక్ష. సరిగ్గా ఆ రోజుల్లోనే రాజమండ్రిలో ఆయుర్వేద వైద్యుడైన దళిత కవి కుసుమ ధర్మన్న, మాకొద్దీ నల్లదొరతనం అంటూ గీతం కట్టాడు. సుబ్బారావు కూడా ఆ కాలంలోనే మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఇద్దరూ ఒకే గోదావరి నీళ్లు తాగినవాళ్లు, ఇద్దరూ వైద్యులే. ఒకరికి ఎదురైంది ఒక్క దొరతనం, మరొకరికి రెండు.

సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. మందు కనిపెట్టాలన్న తపన అక్కడి నుంచి ఆయనను వదలలేదు. అమెరికాలోని హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి ప్రవేశం సంపాదించారు గాని ఉపకార వేతనం దొరకలేదు. ప్రయాణానికి సొమ్ము కావాలి. 1919లో అనపర్తికి చెందిన శేషగిరితో ఆయనకు వివాహమైంది. మామగారు కొంత డబ్బు సమకూర్చారు. మరొక ఆసరా కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ.

ఈ పేరు సుబ్బారావు జీవిత కథల్లో ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. నాకు మాత్రం అక్కడే కథ నిలుస్తుంది. సత్యలింగం నాయకర్ కోరంగి తీరానికి చెందిన అగ్నికుల క్షత్రియుడు, అంటే చేపల వేటను, పడవను నమ్ముకున్న కులంవాడు. రంగూన్‌కు వలస వెళ్లి, కష్టించి, వ్యాపారంలో గొప్ప సంపద గడించి, దానిలో ఎక్కువ భాగాన్ని ధర్మానికీ చదువులకూ రాసిపెట్టి 1915లో కన్నుమూశాడు. శాస్త్రం సముద్రయానాన్ని పాపమన్న కులంలో పుట్టిన యువకుడు సముద్రం దాటడానికి, సముద్రమే బతుకైన కులంవాడి సొమ్ము ఆసరాగా నిలిచింది. వలస వెళ్లినవాడు సంపాదించినది, వలస వెళ్లబోయేవాడికి దారిబత్తెమైంది. ప్రతిభ తనంతట తాను ఓడ ఎక్కలేదు. తనకంటే కింది మెట్టున ఉంచబడిన వారి భుజాల మీదుగా ఎక్కింది.

ఆయన బోస్టన్ చేరిన కాలాన్ని గమనించాలి. 1917 నాటి అమెరికా చట్టం ఆసియాలో పెద్ద భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. భారతదేశం అందులో ఉంది. విద్యార్థులు చదువుకోవడానికి రావచ్చు గాని, స్థిరపడే ఉద్దేశంతో కూలీలూ సామాన్యులూ రాకూడదు. 1923 ఫిబ్రవరి 19న ఆ దేశపు సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. థిండ్ పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి చట్టం ప్రకారం శ్వేతజాతీయులకూ ఆఫ్రికా సంతతికీ తప్ప ఇతరులకు పౌరసత్వార్హత లేదు. కనుక అతని పక్షాన చేసిన వాదన ఇది: అతను ఉన్నత కులస్థుడు, స్వచ్ఛమైన ఆర్య రక్తం కలవాడు, కుల నియమాలు ఆ రక్తం కలుషితం కాకుండా కాపాడాయి, నల్లవారిని అమెరికన్లు ఎలా చూస్తారో ఉన్నత కులస్థులు తమ దేశపు ఆదివాసులను అలాగే చూస్తారు, కాబట్టి అతన్ని శ్వేతజాతీయుడిగా గుర్తించాలి.

కులాన్ని పాస్‌పోర్టుగా చూపిన వాదన అది. న్యాయస్థానం దాన్ని తోసిపుచ్చింది. పండితుల జాతి సిద్ధాంతాలు ఏమైనా, సామాన్యుడి దృష్టిలో ఇతను తెల్లవాడు కాడని తేల్చింది. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయుల పత్రాలను సైతం రద్దు చేయడానికి ప్రభుత్వం పూనుకుంది. మరుసటి సంవత్సరం 1924 చట్టం, పౌరసత్వానికి అనర్హులైనవారు వలసదారులుగా ప్రవేశించడాన్నే నిషేధించింది. విద్యార్థులకు మాత్రం తాత్కాలిక మినహాయింపు మిగిలింది. సుబ్బారావు ఈ తీర్పు నీడలోనే, ఈ చట్టం కిందనే పాతికేళ్లు బతికారు. ఆయన లాంటివారికి విశ్వవిద్యాలయ ప్రవేశమంటే జ్ఞానద్వారం మాత్రమే కాదు, ఆ నేల మీద నిలబడడానికి చట్టం వదిలిన సన్నని గట్టు. నా మిత్రుడి కూతురు ఇవాళ వెతుక్కుంటున్నదీ ఆ గట్టునే.

హార్వర్డ్‌లో చదువుతూ పొట్ట గడవడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రి కూలీగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తిపోసి కడిగే పని. ఆ పని చేయడం ఆయన గొప్పతనమని రాస్తారు. గొప్పే. అయితే అదే పనిని భీమవరంలోనో రాజమండ్రిలోనో తరతరాలుగా చేసినవారిని గొప్పవారని ఎవరూ రాయలేదు. అంటరానివారన్నారు. బోస్టన్‌లో ఆ పని ఒక విద్యార్థి చేతిలో కొన్నాళ్లు నిలిచిన పేదరికం. ఇక్కడ అది పుట్టుకతో చేతికి అంటుకుని ఎప్పటికీ వదలని కులం. పనిలో మైల లేదని ఆయన జీవితమే రుజువు చేసింది. ఆ చేతులే పగలు ప్రయోగశాలలో పరీక్షనాళికలు పట్టాయి.

1924లో డిప్లొమా చేతికొచ్చింది. అక్కడితో ఆగక జీవరసాయన శాస్త్రంలో పరిశోధనకు దిగారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఇద్దరి పేర్లతో అది ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఉంది. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని వెలికితీసిన పరిశోధనలు వచ్చాయి. 1930లో డాక్టరేట్ అందింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల ప్రయోగశాలకు మారారు. ఆ సంవత్సరమే వచ్చిన కొత్త చట్టం పద్నాలుగేళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాలన్నది. రెండేళ్లలో లెడర్లీ పరిశోధన విభాగానికి అధిపతి అయినా, చట్టం దృష్టిలో ఆయన వేలిముద్ర వేసిన పరాయివాడే.

ఆ పరాయివాడి నాయకత్వంలో వచ్చిన మందుల జాబితా మనిషి ఆయుష్షును పెంచిన జాబితా. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. సోదరులను మింగిన స్ప్రూ తెచ్చే రక్తహీనతకు అదే మందయింది. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. విశ్వవిద్యాలయ పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, ఈ ప్రయోగశాలలోనే మట్టి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు.

వీటన్నిటిలో మా ఇంటిని తాకినది మరొకటి. 1947లో వెలువడిన హెట్రజాన్, అంటే బోదకాలు వ్యాధికి ఇచ్చే డి.ఇ.సి. మాత్ర. గోదావరి డెల్టాలో మురుగు కాలువల దోమలు ఈ జబ్బును మోసుకొస్తాయి. కాలువ దిగువన, మురుగు నిలిచే చోట ఇళ్లు కట్టుకోవలసి వచ్చినవారే ఎక్కువగా బలయ్యారు. మా తాత ఒక కాలు ఈడ్చుకుంటూనే వరి నాట్లకు దిగేవాడు. ముదిరిన వాపును ఆ మందు తీసివేయలేదు. రక్తంలో తిరిగే సూక్ష్మక్రిములను చంపి, జబ్బు మరొకరికి పాకకుండా ఆపుతుంది. తాత కాలు తగ్గలేదు. మా తరం కాళ్లు నిలిచాయి. అగ్రహారపు మూలాల నుంచి బయలుదేరిన ఒక జీవితం, మత్స్యకారుడి ధర్మనిధి ఆసరాతో సముద్రం దాటి, మాలపల్లికి మాత్రగా తిరిగివచ్చింది. ఈ డెల్టా కులాలు ఒకరికొకరు ఎంత రుణపడి ఉన్నాయో చెప్పడానికి ఇంతకు మించిన లెక్క నాకు తెలియదు.

ఆయన మాత్రం తిరిగి రాలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కొడుకును చూడలేదు. ఆ పసివాడు ఏడాది నిండకముందే పోయాడు. శేషగిరమ్మ పాతికేళ్లు ఎదురుచూపులోనే గడిపారు. నివాస పత్రం లేని మనిషి జీవితంలో అందరికంటే ఎక్కువ కాలం వరుసలో నిలబడినది ఇంటి ఆడమనిషి. మనం ఆమె గురించి మాట్లాడుకోము. 1946 జూలై 2న అమెరికా భారతీయులకు పౌరసత్వార్హత కల్పిస్తూ చట్టం చేసింది. వలసకు ఏటా ఇచ్చిన వాటా వందమంది. తలుపు సందుగా తెరుచుకున్న రెండేళ్లకు, 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, పౌరుడు కాకుండానే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.

ఇంతవరకు చెబితే మిత్రుడు, ఆయనకు జరిగిన అన్యాయమే తమకూ జరుగుతోందని అంటాడు. కొంతవరకు నిజమే. కాని ఇదే కాలంలో ఇంకొక ప్రయాణం కూడా జరిగింది. 1913లో అంబేడ్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ చదువుకుని 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే, ఆ నగరంలో ఉండడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ తరిమారు. సుబ్బారావుకు పరాయి దేశంలో శాశ్వత నివాసం లేదు. అంబేడ్కర్‌కు సొంత దేశంలో లేదు. సుబ్బారావు తిరిగి వచ్చి ఉంటే భీమవరంలో ఇంటి గడప ఆయన కోసం తెరిచే ఉండేది. అంబేడ్కర్‌కు తిరిగి వెళ్లడానికి, వరుస లేని ఊరు ఎక్కడుంది? వీసాకు గడువు తేదీ ఉంటుంది. వెలివాడకు ఉండదు.

ఇది గడిచిన శతాబ్దపు సంగతి మాత్రమే కాదు. సుబ్బారావు పుట్టిన భీమవరం సమీపంలోని గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం విషయంగా వివాదం లేచి, దళితులను పనుల్లోకి పిలవకుండా సాంఘిక బహిష్కరణ చేశారు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. తాతల కాలం నుంచి ఉన్న ఊళ్లోనే మనుషులకు శాశ్వత నివాసం ఇంకా మంజూరు కాలేదు.

నా మిత్రుడు చివరికి ఒక మాట అన్నాడు. ఏడు శాతం పరిమితి కూడా కోటాయే కదా, కోటా అంటేనే ప్రతిభకు శత్రువు కదా అని. రెండింటికీ తేడా ఉంది. దేశాలవారీ పరిమితి పుట్టుకను చూపి లోపల ఉన్నవారిని గడపలోనే నిలిపివేస్తుంది. రిజర్వేషన్ పుట్టుక పేరుతో తరతరాలుగా గడప బయట నిలిపినవారిని లోపలికి తెస్తుంది. ఒకటి తలుపు మూసే లెక్క, మరొకటి మూసిన తలుపు తెరిచే లెక్క. రెండూ పుట్టుకనే లెక్కిస్తున్నాయి గనుక రెండూ ఒకటే అనడం, జబ్బునూ మందునూ ఒకే సీసాలో పోయడమే.

థిండ్ తీర్పుకు సరిగ్గా నూరేళ్ల రెండు రోజులకు, 2023 ఫిబ్రవరి 21న, సియాటిల్ నగర మండలి కుల వివక్షను చట్టవిరుద్ధం చేసింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియా శాసనసభ చేసిన అలాంటి బిల్లును ఆ ఏడాది అక్టోబరులో గవర్నర్ తిరస్కరించారు. దాన్ని అడ్డుకోవడానికి గట్టిగా పనిచేసినవారిలో భారతీయ సంఘాలూ ఉన్నాయి. 1923లో కులం చూపించి లోపలికి రావాలని వాదించాము. 2023లో కులమే లేదని వాదించాము. రెండుసార్లూ తప్పించుకున్నది ఒకే ప్రశ్న నుంచి.

మిత్రుడి కూతురికి మంచి కాలేజీలో సీటు రావాలనీ, ఆ పిల్ల పెరిగిన నేల ఆమెను తనదిగా ఒప్పుకోవాలనీ నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఆ న్యాయం కోసం సంతకం కావాలంటే నాది ముందుంటుంది. ఆ మాటే అతనికి చెప్పి, తన ఊరి పేటలో పిల్లలు ఇప్పుడు ఏ బడికి పోతున్నారో, ఎంతవరకు చదువుతున్నారో చెప్పమన్నాను. అవతలి వైపు కొంతసేపు నిశ్శబ్దం. కనుక్కుని చెబుతానన్నాడు. ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాను.